నడిచే పుట్టిల్లు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయిన తర్వాత, యాభై నాలుగో ఏట. వత్తులూ పొల్లులూ నాకింకా పూర్తిగా లొంగలేదు. తప్పులు కనబడితే మనసులోనే దిద్దుకుని చదువుకోండి. చేతి నెమ్మది కూడా ఎక్కువే, ఈ కాస్త కథకి ఒక వానాకాలం మొత్తం పట్టింది. ఇందులో చెప్పిన గుండె అతుకు లోకంలో ఇంకా ఎవరూ వెయ్యలేదు. వేస్తే ఏమవుతుందా అని ఊహించుకుంటూ పోతే మంగతాయారు కనబడింది. ఆవిడ కథే ఇది.

*

ఆపరేషన్ జరిగిన మూడు నెలలకి మంగతాయారును ఒక కొత్త బాధ పట్టుకుంది. గుండె బాగానే కొట్టుకుంటోంది. ఆయాసం పోయింది, కాళ్ళ వాపు తీసింది. కానీ మాఘమాసం వెళ్ళి ఎండ కాస్త చురుక్కుమనేసరికి ఆవిడకి ఇంట్లో నిలవబుద్ధి కాకుండా పోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి వీధి గుమ్మంలోకి వచ్చేది. ఎందుకొచ్చిందో తెలియదు. వెనక్కి వెళ్ళి గరిటె పట్టుకునేది. మళ్ళీ గుమ్మంలో తేలేది. పప్పు మాడేది.

చుట్టుపక్కల వాళ్ళకి ఇది విడ్డూరం. ఏలూరు పవర్‌పేటలోని ఆ రెండు గదుల ఇంట్లోంచి మంగతాయారును కదిలించడం అంతకుముందు ఎవరి తరమూ కాలేదు. భర్త పాండురంగం రైసుమిల్లుల్లో మోటార్లు బాగుచేసేవాడు. జ్వరమని పడుకుని వారం తిరక్కుండా పోయాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఆవిడ కిటికీలు తెరవలేదు. పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపేది. ఒకటి తను తాగేది. రెండోది ఆయన కుర్చీ పక్కన పెట్టి, చల్లారాక అదీ తనే తాగేది. కూతురు ప్రమీల గుడివాడ నుంచి వచ్చినప్పుడల్లా "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అని బతిమాలేది. "ఆయనొస్తే తలుపు తీసేదెవరే?" అనేది మంగతాయారు. మతిపోయి కాదు, అలా అనడం అలవాటైపోయి. అలా కూర్చుని కూర్చునే గుండె చెడగొట్టుకుంది.

అప్పుడు దొరికింది డాక్టర్ షహనాజ్. విజయవాడలో ఆమెకి ఒక ప్రయోగశాల ఉంది. ఆసుపత్రి వాళ్ళు చేతులెత్తేసిన గుండెలు ఆమె దగ్గరికి వెళ్ళేవి.

"మీ గుండెలో ఒక పక్క చచ్చుబడిపోయిందమ్మా. అక్కడ అతుకు వేస్తాను," అంది షహనాజ్.

"చిరిగిన చీరకి వేసినట్టా?"

"అచ్చం అలాగే. బట్ట మాత్రం మనిషిది కాదు, పక్షిది."

చలికాలం వస్తే ఎక్కడెక్కడి మంచు దేశాల నుంచో కొల్లేటికి బాతులు వస్తాయి. కొండలూ దేశాలూ దాటి ఎగిరొచ్చే పక్షి గుండె ఎంత గట్టిదో చెప్పక్కర్లేదు. అలాంటి ఒక బాతు గుండెలోంచి చిటికెడు కణాలు తీసి, గాజు పళ్ళెంలో పెంచి, మనిషి ఒంటికి మచ్చిక చేసింది షహనాజ్. సగం వయసు ఆ పనికే పోయింది. తమలపాకంత ముక్క తయారైంది. దాన్ని మంగతాయారు గుండెకి కుట్టింది. మరో నలుగురికి కూడా కుట్టింది.

అందరికీ గుండె బాగుపడింది. మాఘం వెళ్ళేసరికి అందరూ గుమ్మాల్లో తేలారు.

వాళ్ళలో నరహరి మాస్టారని ఒక పెద్దాయన ఉండేవారు. ఈ వయసులో ఎటు పోతాడోనని కొడుకులు ఆయన్ని గదిలో ఉంచి గొళ్ళెం పెట్టారు. చెడ్డవాళ్ళేం కాదు. వేళకి అన్నం పెట్టారు, మందులు మింగించారు. నాలుగు రోజులకి మాస్టారు నిద్రలోనే పోయారు.

ఆ కబురు విన్న షహనాజ్ మిగిలినవాళ్ళని హడావిడిగా పిలిపించింది. మంగతాయారు వెళ్ళేసరికి డాక్టరమ్మ మొహం పీక్కుపోయి ఉంది.

"మనిషి ఒంట్లో పెరిగితే పక్షి తన సంగతి మర్చిపోతుందనుకున్నాను," అంది. "మర్చిపోలేదమ్మా. చలి వెళ్ళింది, ప్రయాణం వేళయిందని దానికి తెలిసిపోయింది. కదలకపోతే కొట్టుకోనని మొండికేస్తోంది."

"పోనీ తీసెయ్యండి."

"తీస్తే అక్కడ ఇంకేం మిగల్లేదు."

"అయితే ఎండలు ముదిరి, మళ్ళీ చలికాలం వస్తే సర్దుకుంటుందా?"

షహనాజ్ తల అడ్డంగా ఊపింది. "ఆ పక్షికి చేరాల్సిన చోటు ఒకటుండేది. మీ ఒంట్లో ఉన్న ముక్కకి ఆ చోటు ఎప్పటికీ దొరకదు. చేరామన్న తృప్తి రాదు. వెళ్తూనే ఉండాలంటుంది."

*

నడిస్తే సరిపోతుందేమోనని ప్రయోగశాలలో నడిచే పట్టా మీద నిలబెట్టారు. కాళ్ళ కింద రబ్బరు పట్టా జారిపోతూ ఉంటే మంగతాయారు గోడకేసి చూస్తూ నడిచింది. చెమటలు పట్టాయి, మోకాళ్ళు పట్టేశాయి, గుండె మాత్రం తడబడుతూనే ఉంది. "ఎంత నడిచినా ఆ గోడే ఎదురుగా ఉంటే దానికి మాత్రం ఏం హుషారు?" అంది ఆవిడ రొప్పుతూ.

ఊళ్ళో తిరిగి చూసింది. బజారుకి వెళ్ళేటప్పుడు గుండె గడియారంలా కొట్టుకునేది. వెనక్కి వస్తూ తమ వీధి మలుపు తిరిగేసరికి మళ్ళీ తడబాటు. ఏం చేస్తుంది? బజారులోనే కాపురం పెట్టలేదుగా.

చివరికి షహనాజ్ ఆవిణ్ణి వ్యానులో ఎక్కించుకుని బయల్దేరింది. ఛాతీకి బిళ్ళ అంటించింది. గుండె గీత డాక్టరమ్మ చేతిలోని పలక మీద కనబడుతూ ఉంటుంది. ఏలూరు దాటారు, కైకలూరు రోడ్డెక్కారు. ఊళ్ళు వెనక్కి పోతున్నాయి, గీత మాత్రం బాగుపడలేదు. మంగతాయారుకి కళ్ళు తిరుగుతున్నాయి. షహనాజ్ పలకకేసే చూస్తోంది. నరహరి మాస్టారు పోయాక ఆయన బిళ్ళలోంచి తీసి చూసిన ఆఖరి రోజు గీత కూడా ఇలాగే ఉంది.

అంతలో వ్యాను ఆగిపోయింది.

రోడ్డు మీద బాతులు. ఒకటీ రెండూ కాదు, రోడ్డంతా అవే. దాళ్వా పంట కోతలైన చేలోంచి అవతలి చేలోకి వెళ్తున్నాయి. ముందొక మగమనిషి, వెనక చేతిలో పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని ఒక ఆడమనిషి. కర్ర చివర గుడ్డపేలిక. డ్రైవరు హారన్ మోగించాడు.

"ఏందబ్బయా ఆ కూత?" అని అరిచింది ఆమె. "నీ బండికి చక్రాలుండాయి, నా బాతులకి కాళ్ళే గదా ఉండాది. రోంతసేపు ఆగితే నీ పెళ్ళి తప్పిపోద్దా?"

"నాకు పెళ్ళయింది!" అన్నాడు డ్రైవరు.

"అయితే ఇంకా తొందరెందుకూ!"

"గాలాడటం లేదు, ఒక్క నిమిషం దిగుతానమ్మా," అంది మంగతాయారు. దిగితే నిలబడటానికి చోటు లేదు, కాళ్ళ చుట్టూ బాతులే. అవి ఎటు తోస్తే అటు నడిచింది. రోడ్డు దిగి చేలోకి అడుగుపెట్టింది. కోసిన వరి మోళ్ళు పాదాలకి గుచ్చుకున్నాయి. ముందు ఆ తెలుపూ మట్టిరంగూ కలిసిన మంద ఒకే శరీరంలా ఊగుతూ పోతోంది. ఎక్కడికో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు.

వెనక నుంచి కేక వినబడింది. "ఆగకండి! ఆగకండమ్మా!"

డాక్టర్ షహనాజ్ చెప్పులు చేత్తో పట్టుకుని పలక ఊపుకుంటూ పరిగెత్తుకొస్తోంది. రోగిని ఆగమనే డాక్టర్లని చూసింది గానీ, ఇలా ఆగవద్దని వెంటపడే డాక్టరుని మంగతాయారు ఎన్నడూ చూడలేదు.

"చూడండి, గీత చూడండి!" షహనాజ్ నవ్వుతోంది, ఏడుస్తోంది. "భూమిలోని అయస్కాంతపు లాగుడు ఈ కణాలకి తెలుస్తుందని చదివాను. వ్యాను ఇనప డబ్బా కదా, అందులో ఆ లాగుడు అందలేదు. పట్టా మీద దిక్కే లేదు. నేల మీద నడవాలి, వెనక్కి తిరిగి రాకూడదు. అంతేనమ్మా! ఇంత చిన్న సంగతి! మిగతా ముగ్గురికీ ఇప్పుడే చెప్తాను!"

బాతులామె కర్ర భుజాన వేసుకుని ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఏందక్కా మీ గోల? బాతుల్ని ఎప్పుడూ చూళ్ళేదా?"

ఆమె పేరు చెంచమ్మ. ముందు నడుస్తున్నది మొగుడు పెంచలయ్య. వాళ్ళది నెల్లూరు వైపు. కోతలు ఎక్కడుంటే అక్కడికి మందని తోలుకుంటూ ఏడాది పొడుగునా తిరుగుతుంటారు. చేలో రాలిన గింజలూ నత్తలూ బాతులకి, గుడ్లు వీళ్ళకి. మేత అయిపోతే పై చేలోకి. దూరమైతే లారీ ఎక్కించొచ్చుగా అని షహనాజ్ అడిగితే పెంచలయ్య నవ్వాడు. "లారీ ఎక్కితే అవి బెదిరిపోయి కొన్నాళ్ళు గుడ్డే పెట్టవు తల్లా. నడిపిస్తే ఏ దిగులూ లేదు."

షహనాజ్ మంగతాయారు వైపు చూసింది. మంగతాయారు బాతుల వైపు చూసింది.

"మీతో వస్తాను," అంది.

"మాతోనా?" చెంచమ్మ నోటి మీద వేలేసుకుంది. "పట్టపోళ్ళు, పరుపు మీద పడుకునే పానం. రోంత బురద తగిలితే జొరం రాదా?"

"వంట చేస్తాను."

"ఏం వండతావు?"

"పప్పు బాగా వండుతాను. మధ్యలో కొన్నాళ్ళు మాడింది గానీ."

*

మొదటి పొద్దున మంగతాయారు ఇంట్లో చేసినట్టే చేసింది. టార్పాలిన్ గుడారం ముందు చిమ్మి, నీళ్ళు చల్లి, బియ్యప్పిండితో పద్మం ముగ్గు పెట్టింది. రేకులన్నీ కలిసేలా శ్రద్ధగా వేసి, లేచి నడుం పట్టుకుని చూసుకుంటూ ఉండగా పెంచలయ్య బాతుల చుట్టూ కట్టిన వలదడి తీశాడు. బాతులు వచ్చాయి. చూస్తూ ఉండగానే పద్మం మాయమైంది.

చెంచమ్మ గుడ్లు ఏరుతున్నదల్లా కూలబడి నవ్వింది. "ఓ పెంచలయ్యా! అక్క బాతులకి పిండివంట బెట్టింది చూడు!"

మంగతాయారుకి ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు తన గొంతులోంచే వచ్చిందని గ్రహించడానికి కాసేపు పట్టింది. అప్పట్నుంచి ఏ చేలో దిగినా ముగ్గు పెట్టేది. బాతులు తినేవి. మర్నాడు మళ్ళీ పెట్టేది.

దుఃఖం మాత్రం వెంటే వచ్చింది. తొలి రోజుల్లో నడుస్తూ ఏడ్చేది. ఇంట్లో అయితే ఏడుపొస్తే కూర్చునేది, కూర్చుంటే ఇంకా వచ్చేది. ఇక్కడ బాతులు ఎవరి కోసమూ ఆగవు. అందుకని కళ్ళు తుడుచుకుంటూనే కర్ర ఊపాలి, గట్టు తప్పినవాటిని మళ్ళించాలి. ఏడుపు సగంలో ఉండగానే పంటకాలువ వచ్చేది, చీర ఎత్తి పట్టుకుని దాటాలి. దాటాక ఎక్కడిదాకా ఏడ్చిందో గుర్తుండేది కాదు.

పాండురంగం గురించి చెంచమ్మకి చెప్పేది. ఆయన మోటారు చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేవాడనీ, ఇంటికొస్తే చేతులకి గ్రీజు వాసన పోయేది కాదనీ, నిద్రలో కూడా వేళ్ళు మర బిగిస్తున్నట్టు కదిపేవాడనీ చెప్పేది. చెంచమ్మ ఊరికే వినేది కాదు. "నిన్నేమన్నా కొట్టేవోడా?" "సినిమాకి తీసకపొయ్యేవోడా?" "సగం చెప్పి ఆపితే ఎట్టా!" అని రేపేది. అలా చెప్పగా చెప్పగా, ఇంట్లో కుర్చీలో బిగుసుకుపోయి ఉన్న ఆ మనిషి లేచి చేలగట్ల మీద తనతో నడుస్తున్నట్టు ఉండేది మంగతాయారుకి. ఒక పొద్దున టీ కాచి మూడు గ్లాసుల్లో పోసింది. చెంచమ్మకి, పెంచలయ్యకి, తనకి. తాగడం అయిపోయి గ్లాసులు కడిగేటప్పుడు గాని నాలుగోది పొయ్యలేదన్న సంగతి తట్టలేదు. అలా తట్టినందుకు గుండె తడబడుతుందేమోనని చేత్తో అదిమి చూసుకుంది. తడబడలేదు.

ఒక చేను వదిలి వెళ్ళేటప్పుడు చెంచమ్మ ఒక పని తప్పకుండా చేసేది. ఇంత నీళ్ళు తెచ్చి పొయ్యి పెట్టిన చోట పోసి, మట్టిని అరచేత్తో తట్టి, "కూడు బెట్టావు, చల్లంగా ఉండు," అనేది. వాళ్ళమ్మ అలా చేసేదట. ఆ మాట మంగతాయారుకి ఎంతో నచ్చింది. వేసవిలో ఒకసారి, పవర్‌పేట ఇల్లు అద్దెకిద్దామని ప్రమీల అంటే, తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి వెళ్ళారు. సామాను సర్దాక వంటింట్లో, పొయ్యి పెట్టే అరుగు మీద చెంబుడు నీళ్ళు పోసి, తడి రాతిని నిమిరింది మంగతాయారు.

"ఇన్నాళ్ళు అన్నం పెట్టావు. మా ఆయనకి నీడనిచ్చావు, పిల్లనిచ్చావు. చల్లగా ఉండు."

ప్రమీల కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడే చెప్పింది, తనకి నెల తప్పిందని.

*

అక్కడ మొదలైంది అసలు చిక్కు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పురిటి స్నానం, పథ్యం, ఒంటికి నూనె, పిల్లకి లాల అన్నీ కన్నతల్లి చెయ్యాలి. ప్రమీల అత్తగారు అనసూయమ్మ ఈ విషయంలో రాజీపడే మనిషి కాదు. ఏడో నెలలో, మంద ముదినేపల్లి దగ్గర దిగి ఉందని తెలుసుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చేలోకి దిగి వచ్చింది.

"నువ్వు నడిచి బాగున్నావ్ వదినా, సంతోషం. మొహంలో కళ కూడా వచ్చింది, నేనేం కాదన్ను," అంది మంచం మీద కూర్చుంటూ. "కానీ నా కోడల్ని పురిటికి ఎక్కడికి పంపమంటావ్? ఈ వారం ఈ చేలోకి, పై వారం ఆ చేలోకీనా? ఎక్కడైనా పుట్టిల్లు బాతుల వెనకాల నడుస్తుందా, చోద్యం కాకపోతే!"

మంగతాయారు ఆవిడకి గ్లాసుడు మజ్జిగ అందించింది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?

షహనాజ్‌కి కబురు చేస్తే ఆమె చాలాసేపు తటపటాయించి చెప్పింది. మూడు నెలలుగా ఒక సూదిమందు తయారుచేస్తోందట. అది వేస్తే పక్షి కణాలు నిద్రపోతాయి. గుమ్మంలోకి లాగడం ఆగిపోతుంది.

"ఇంట్లో ఉండొచ్చు. వంట చేసుకోవచ్చు. మనవణ్ణి ఎత్తుకోవచ్చు. కానీ అతుకు సగం బలమే ఇస్తుంది. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఇలా నడవడం ఇక కుదరదు. ఇంకో మాటమ్మా. ఆ పక్షి ఒకసారి నిద్రపోయిందంటే మళ్ళీ లేపడం నాకు చేతకాదు."

"వెయ్యండి," అంది మంగతాయారు. వెంటనే అంది. ఆలోచిస్తే అనలేనేమోనని భయం. "మా ప్రమీలకి కన్నతల్లినీ నేనే, తండ్రినీ నేనే."

సూది వేయించుకోవడానికి వెళ్ళాల్సిన పొద్దున ప్రమీల ఆటోలో వచ్చింది తల్లిని తీసుకెళ్ళడానికి. నిండు కడుపుతో గట్టు మీద నిలబడి చూసింది. దూరంగా చేలో ఒక ఆడమనిషి, మోకాళ్ళ దాకా చీర దోపుకుని, కర్ర గాలిలో తిప్పుతూ "బా, బా, బా" అంటూ మందని మలుపు తిప్పుతోంది. ఒక బాతు తప్పించుకుని పారిపోతే "నీకెన్నిసార్లు చెప్పాలే, సిగ్గులేనిదానా!" అని వెంటపడింది. పడుతూ లేస్తూ నవ్వింది. చెంచమ్మ అనుకుంది ప్రమీల. కానీ చెంచమ్మ అటుపక్క బుట్టలు కడుగుతోంది. ఆ మనిషి ఇటు తిరిగింది.

కన్నతల్లిని తను గుర్తుపట్టలేకపోయిందని తెలిసి ప్రమీల గట్టు మీదే కూర్చుండిపోయింది.

మంగతాయారు పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? నొప్పులా?"

"లేదమ్మా. ఆటోని పంపించేశాను."

"ఎందుకూ? డాక్టరమ్మ చూస్తూ ఉంటుంది."

"చూడనీ. నా పురుడు ఇక్కడే పొయ్యి."

"బాతుల్లోనా? మతుండే మాట్లాడుతున్నావా? మీ అత్తగారు నన్ను ఉరేస్తుంది."

"నాకు పవర్‌పేటలో పుట్టిల్లు ఉండేది. అక్కడికి వస్తే నువ్వు కుర్చీకేసి చూస్తూ కూర్చునేదానివి. వచ్చి వారమైనా నన్ను సరిగా చూసేదానివి కాదు." ప్రమీల కడుపు మీద చెయ్యి వేసుకుంది. "నాకా ఇల్లొద్దమ్మా. ఇందాక పరిగెత్తుకొచ్చిందే, ఆ మనిషి చేత చేయించుకుంటాను పురుడు. ఆవిడ ఎక్కడుంటే అది నా పుట్టిల్లు."

మంగతాయారు కూతురి పాదాలకి అంటిన బురదని చీర చెంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఆసుపత్రి మాత్రం ఆసుపత్రే," అంది వెనక నుంచి చెంచమ్మ గట్టిగా. "నేను ముగ్గురిని చేలోనే కన్నాను, అయినా చెప్తుండా. ఆడ కని, ఈడికి రాండి."

*

కార్తీకం వెళ్ళేసరికి కొల్లేటికి బాతులు వచ్చాయి. ఆకాశంలో బారులు తీరి దిగుతుంటే మంగతాయారు తలెత్తి చేతులు జోడించింది. మీ తాలూకు ముక్క ఒకటి నా దగ్గరుందమ్మా, బాగానే చూసుకుంటున్నాను అనుకుంది. ఆ వారంలోనే కైకలూరు ఆసుపత్రిలో ప్రమీలకి ఆడపిల్ల పుట్టింది.

మంద ఊరి శివారు చేలో దిగి ఉంది. గుడారంలో గడ్డి మందంగా పరిచి, పైన బొంతలు వేసి, గాలి రాకుండా నాలుగు పక్కలా కట్టి తల్లినీ పిల్లనీ తెచ్చుకున్నారు. రెండో రోజుకి అనసూయమ్మ దిగింది. తిట్టడానికి వచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం వాము, సొంఠి, పాతచీరలు, కుంపటి తెచ్చింది. "ఈ చలిలో నా మనవరాల్ని ఈ గుడ్డల కింద వదిలి నేను గుడివాడలో నిద్రపోవాలా?" అని మంచం వేయించుకుంది.

మంగతాయారు మనసు నిండిపోయింది. పిల్లకి లాల పోసింది, ప్రమీలకి పథ్యం వండింది. కానీ పదకొండో రోజు స్నానం అయ్యేవరకూ బాలింతని కదపకూడదు. పిల్ల కోసం పెంచలయ్య మందని ఆపేశాడు. చేలో గింజ అయిపోయింది, చెంచమ్మ నూకలు తెచ్చి పోసింది. వారం దాటేసరికి మంగతాయారు గుండె మొదలుపెట్టింది. ఒకసారి కొట్టుకుని, ఆగి, ఆలోచించి మళ్ళీ కొట్టుకోవడం. చేను చుట్టూ తిరిగి చూసింది. గుండెని మోసం చెయ్యడం కుదరలేదు.

షహనాజ్ ఫోన్ చేసింది. "మీ ఛాతీ బిళ్ళ నుంచి గీత ఇక్కడికి వస్తూనే ఉంది, చూస్తున్నాను. ఇవాళే బయల్దేరండి. మీ ఒక్కరే అయినా నడవండి!"

"రేపటితో స్నానం అయిపోతుందమ్మా. ఒక్క రోజు."

"మాస్టారు కూడా..." అని షహనాజ్ ఆపేసింది.

మర్నాడు పొద్దున ప్రమీలకి తలంటి స్నానం చేయించింది మంగతాయారు. ఆఖరి చెంబు పోసి, గుడారం గుంజ పట్టుకుని నిలబడిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

ప్రమీల తడి జుట్టుతోనే లేచింది. తల చుట్టూ తువ్వాలు చుట్టుకుంది. "అత్తయ్యా, పిల్లని అందుకోండి. చెంచమ్మ పిన్నీ, గుడారం విప్పు. నడుద్దాం."

"పచ్చి బాలింతవే!" అనసూయమ్మ గుండెలు బాదుకుంది. "ఆటో పిలిపిస్తాను, నువ్వూ పిల్లా అందులో..."

"మా అమ్మ ఒక్కతే నడుస్తుంది, నేను ఆటోలో పోతానా? పై చేనే కదా, కాలువ గట్టు చివర." ప్రమీల తల్లి చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. "పద అమ్మా."

అనసూయమ్మ ఒక్క క్షణం ఆ ఇద్దర్నీ చూసింది. తర్వాత పిల్లని పాతచీర ఉయ్యాలలో గుండెకి కట్టుకుంది. చెవులకి గుడ్డ చుట్టింది. "ఏం చూస్తావ్ పెంచలయ్యా, తోలు నీ బాతుల్ని! మెల్లిగా తోలు. నా కోడలు పరిగెత్తలేదు."

చెంచమ్మ పొయ్యి మీద నీళ్ళు పోసి వచ్చి వెనక చేరింది. మంద కాలువ గట్టు ఎక్కింది. మంగతాయారు మొదటి అడుగులు కూతురి భుజం మీద బరువంతా వేసి వేసింది. మంచు ఇంకా విడిపోలేదు. బాతుల వీపులు మాత్రమే కనబడుతున్నాయి. ఒక అడుగు. ఇంకో అడుగు. ప్రమీల తల్లి ఊపిరి వింటూ నడిచింది. కాలువ లాకు దగ్గరికి వచ్చేసరికి భుజం మీద బరువు తగ్గింది. లాకు దాటాక ఇంకాస్త తగ్గింది. ఎండ పొడిచేవేళకి మంగతాయారు చెయ్యి కూతురి భుజం మీద లేదు, నడుం చుట్టూ ఉంది. ఇప్పుడు ఆవిడే కూతుర్ని నడిపిస్తోంది.

షహనాజ్ ఫోన్ వచ్చింది. మాటలేమీ లేవు. అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదలడం మాత్రం వినబడింది. "ఉంటానమ్మా, గట్టు దిగాలి," అని మంగతాయారు పెట్టేసింది.

కొత్త చేను రైతు గట్టు మీద పళ్ళు తోముకుంటూ ఉన్నాడు. బాతులొస్తాయని పెంచలయ్య ముందే చెప్పాడు గానీ, వాటి వెనక తలకి తువ్వాలు చుట్టుకున్న బాలింత, ఆమెని పట్టుకుని తల్లి, గుండెకి పసిపిల్లని కట్టుకున్న పెద్దావిడ దిగుతారని చెప్పలేదు. వేపపుల్ల నోట్లో ఉండగానే నిలబడిపోయాడు.

"ఎవరమ్మా మీరంతా? ఇంత పసిబిడ్డనేసుకుని ఎక్కడికి?"

అనసూయమ్మ రొప్పుతూ ఆగింది. ఉయ్యాల సర్దుకుంది. పిల్ల మొహం మీద గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పింది.

"మా కోడలు పురిటికి పుట్టింటికొచ్చిందండి," అంది.

"పుట్టిల్లు ఏ ఊరు?"

అనసూయమ్మ చెయ్యి చాచి బాతుల్ని చూపించింది, చెంచమ్మ నెత్తి మీది టార్పాలిన్ మూటని చూపించింది, అప్పుడే చీర దోపుకుని పొయ్యి రాళ్ళు వెతుక్కుంటున్న వియ్యపురాలిని చూపించింది.

"ఇదిగో, ఇప్పుడే మీ చేలో దిగిందండి. కాస్త వేణ్ణీళ్ళు పెట్టించండి బాబూ, బాలింత నడిచొచ్చింది."

బొడ్డు సుబ్బరావమ్మ
వయసు అరవై ఆరు
ప్రస్తుతం ఉండేది ముదినేపల్లిలో, చెల్లెలింట్లో